మెరూన్ పరదా, కనబడని వెలుగు

నేను చేసిన ఉద్యోగం ఏమిటో మా అక్కచెల్లెళ్లకే ఇప్పటికీ సరిగా తెలియదు. "మా రూతు సినిమాల్లో చేస్తుంది" అని చుట్టాలకు చెప్తారు. వాళ్లు వెంటనే ఏ హీరోని దగ్గర నుంచి చూశావని అడుగుతారు. నేను దగ్గర నుంచి చూసినవి గోడలు, కిటికీలు, డాబాలు. విడుదల కాని సినిమా శబ్దాన్ని, బొమ్మని ఒకచోటి నుంచి ఇంకోచోటికి, వైరు లేకుండా, బయటివాడి చెవిన పడకుండా చేర్చడం నా పని. ఫిల్మ్‌నగర్‌లో ఒకే స్టూడియోలో ఇరవై ఏడేళ్లు అదే చేసి, పోయిన ఏడాది రిటైరయ్యాను.

ఈమధ్య ఆ స్టూడియోలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. "మేడమ్, మాన్యువల్‌లో లేనివి చెప్పండి" అన్నారు. మాన్యువల్‌లో ఉన్నవి చదివారా అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది కూడా చదవండమ్మా. నా కథలో తప్పంతా మాన్యువల్‌లో ఉన్న ఒక్క వాక్యం దగ్గరే జరిగింది.

గోడ దాటని వైర్‌లెస్

మా స్టూడియోలో ముప్పై సీట్ల ప్రివ్యూ హాలు ఉంది. హిందీ, తమిళ హక్కులు కొనడానికి వచ్చే వాళ్లకు సినిమా ముందే చూపించేది అక్కడ. వాళ్లకు తెలుగు రాదు కాబట్టి చెవులకు హెడ్‌సెట్లు ఇస్తాం. వెనక అద్దాల గదిలో ఒకావిడ కూర్చుని డైలాగులన్నీ అప్పటికప్పుడు హిందీలో చెప్తుంది. హెడ్‌సెట్ మీద మీట తిప్పితే ఒక ఛానెల్లో ఆవిడ హిందీ, ఇంకో ఛానెల్లో అసలు తెలుగు వినబడతాయి.

నేను చేరిన కొత్తలో ఆ హెడ్‌సెట్లు రేడియోతో పనిచేసేవి. ఒకరోజు మధ్యాహ్నం వెనక వీధిలో ఉండే పెద్దావిడ ఒకరు గొడుగు వేసుకుని మా గేటు దగ్గరికి వచ్చారు.

"ఎవరండీ ఆ పిల్ల? అరగంట నుంచి ఏడుస్తోంది. నా రేడియోలో వినబడుతోంది. పైగా హిందీలో ఏడుస్తోంది, ఎవరూ లేని పిల్లేమో! పోలీసులకి ఫోన్ చెయ్యమంటారా?" అని అడిగారు.

ఆ ఏడుపు మా హిందీ ఆవిడది. హీరోయిన్ కంట నీళ్లు పెట్టుకుంటే మా ఆవిడ కూడా పెట్టుకునేది, అంత మనసు పెట్టి చేసేది. పెద్దావిడకి కాఫీ ఇచ్చి, విషయం చెప్పి పంపించాం. వెళ్తూ వెళ్తూ "చివరికి ఆ పిల్లకి పెళ్లవుతుందా?" అని అడిగారు. మా ఓనరు మూర్తి గారు మాత్రం నవ్వలేదు. ఆ సినిమా విడుదలకు ఇంకా నెల ఉంది.

"రూతమ్మా, నాకు గోడ దాటని వైర్‌లెస్ కావాలి" అన్నారు మర్నాడు పొద్దున్నే.

అలా వచ్చింది ఇన్‌ఫ్రారెడ్. మీ టీవీ రిమోట్ కొసన ఉండే వెలుగే ఇది, కంటికి కనబడదు. హాలు మూలల్లో నల్లటి గాజు ముఖాలున్న పెట్టెలు పెడతాం. శబ్దం వాటిలోంచి వెలుగుగా మారి గదంతా పరుచుకుంటుంది. హెడ్‌సెట్ మీదున్న చిన్న కన్ను దాన్ని పట్టుకుని మళ్లీ శబ్దం చేస్తుంది. ఆ కన్ను మీద వేలు పెట్టి మూస్తే మాట పోయి బుస్సుమని గాలి శబ్దం వస్తుంది. రేడియో గోడలోంచి దూరిపోతుంది, వెలుగు గోడ దగ్గర ఆగిపోతుంది. ఇంతే దీని గొప్ప. నేను దీన్ని మా వాళ్లకు ఇంత గొప్పగా చెప్పి చెప్పి, చివరికి మా స్టూడియో బ్రోచర్ మీద "గోడ దాటని వెలుగు" అని అచ్చు వేయించే దాకా తెచ్చాను. ఆ మాట నాదే. కొన్నాళ్లు దాన్ని చూసుకుని మురిసిపోయాను కూడా.

గుమ్మడికాయను కదపొద్దు

యాదగిరి గురించి చెప్పకుండా నా ఉద్యోగం గురించి చెప్పలేను. బోరబండ మనిషి. నాకంటే నాలుగేళ్లు చిన్న. నిచ్చెన ఎక్కడం, పెట్టెలు బిగించడం, హెడ్‌సెట్లు జాగ్రత్త చేయడం, పాడైనవి బాగుచేయడం అతని పని. ఆ నల్ల పెట్టెల్ని అతను 'దీపాలు' అనేవాడు. "మేడమ్, మూడో దీపం జర వంగింది" అంటే నేను వెళ్లి చూసేదాన్ని, నిజంగానే వంగి ఉండేది. ఎలా కనిపెట్టావంటే తల గోక్కునేవాడు.

హాల్లో వెలుగు కుదిరాక, డాబాల మీద కూడా పెట్టాం. ఎడిటింగ్ జూబ్లీహిల్స్ వైపు గుట్ట మీద, శబ్దాలన్నీ కలిపే మిక్సింగ్ మా దగ్గర ఫిల్మ్‌నగర్‌లో. మధ్యలో అంతా బండ రాయి, కేబుల్ కోసం తవ్వడానికి అనుమతి ఎప్పటికీ రాదు. అందుకని ఆ డాబా నుంచి ఈ డాబాకి సన్నటి వెలుగు గీత వేశాం. మధ్యలో నిలబడితే తప్ప ఎవడూ దాన్ని పట్టుకోలేడు, నిలబడాలంటే గాల్లో నిలబడాలి.

ఒకరోజు పొద్దున ఆ గీత తెగిపోయింది. మీటర్లన్నీ పెట్టాను, కార్డు మార్చాను, పవర్ మార్చాను, అమ్మిన కంపెనీ వాడిని ఫోన్లో నానా మాటలూ అన్నాను. మూడు గంటలు గడిచాయి. యాదగిరి బండి వేసుకుని అవతలి డాబాకి వెళ్లి ఫోన్ చేశాడు.

"మేడమ్, గీడ గుమ్మడికాయ కట్టిండ్రు."

ఆ రోజే అవతలి డాబా వాళ్ల కొత్త సినిమాకి కొబ్బరికాయ కొట్టారట. మేనేజరు దిష్టికి బూడిద గుమ్మడికాయ తెచ్చి, మా పెట్టె కటకానికి సరిగ్గా ఎదురుగా వేలాడదీశాడు. విప్పమంటే ఎవరు విప్పుతారు? సినిమా మొదలైన రోజున దిష్టి గుమ్మడికాయ విప్పించిన మనిషిగా నా పేరు జూబ్లీహిల్స్ అంతా తెలిసిపోదూ!

"కాయ జోలికి పోవద్దు మేడమ్. మనమే జరుగుదాం" అన్నాడు యాదగిరి. మా పెట్టెని ఒక అడుగు పక్కకి జరిపి బిగించాడు. గంటలో పని మొదలైంది.

మీటరు తీయకముందు లేచి వెళ్లి చూడండి అని నేను ఎవరికైనా చెప్తే, అది యాదగిరి దగ్గర నేర్చుకున్నది. ఆ పాఠం నేర్చుకున్నానని నేను అనుకున్నాను కానీ, సగమే నేర్చుకున్నానని తర్వాత తెలిసింది.

పరదా మార్చిన రోజు

ప్రివ్యూ హాల్లో పడమటి గోడకి పెద్ద అద్దాల కిటికీ ఉంది. బయట బండరాళ్లు కనబడితే బాగుంటుందని మూర్తి గారు ముచ్చటపడి పెట్టించుకున్నారు. వెలుగు గోడ దాటదు గానీ గాజు దాటుతుంది. అందుకే కిటికీకి రబ్బరు పూసిన దళసరి నల్ల పరదా వేయించాను. 'కిటికీలకు కాంతి దాటని పరదా వాడాలి, వేసిన తర్వాత రిసీవరుతో బయట పరీక్షించాలి' అని మాన్యువల్‌లో ఉంది. నేను చెప్పిన ఒక్క వాక్యం ఇదే.

ఒక పెద్ద సినిమా మా దగ్గరికి వచ్చింది. బొంబాయి, మద్రాసు నుంచి కొనేవాళ్లు వస్తున్నారు. ప్రివ్యూకి ముందురోజు డైరెక్టరు గారి మేనేజరు హాలు చూసుకోవడానికి వచ్చి, పరదా దగ్గర ఆగిపోయాడు.

"నలుపా? మొదటి షోకి నలుపేంటండీ? సార్ చూశారంటే లోపలికి కూడా రారు" అన్నాడు.

అదే సాయంత్రం వాళ్లే మెరూన్ వెల్వెట్ పరదా తెచ్చి తగిలించారు. పట్టుకుంటే దుప్పటంత మందంగా ఉంది. నేను హాల్లో లైట్లన్నీ వేయించి, బయటికి వెళ్లి కిటికీ వైపు చూశాను. చిన్న మెరుపు కూడా లేదు. సరే, కానివ్వండి అన్నాను.

అమ్మాయిలూ, ఈ వాక్యం రెండుసార్లు చదవండి. కంటికి కనబడని వెలుగుని నేను కంటితో పరీక్షించాను. రిసీవరు, అంటే ఒక హెడ్‌సెట్, తీసుకుని బయటికి వెళ్లడానికి ఐదు నిమిషాలు చాలు. ఇన్నేళ్ల అనుభవం ఉంది కదా అని ఆ ఐదు నిమిషాలు ఇవ్వలేదు.

శుక్రవారం సాయంత్రం ప్రివ్యూ బ్రహ్మాండంగా జరిగింది. శనివారం పొద్దున కళ్లు తెరిచేసరికి క్లైమాక్స్ మాటలు పన్నెండు నిమిషాలు అందరి ఫోన్లలో తిరుగుతున్నాయి. హీరో ఎవరి కొడుకో చివర్లో తెలియాలి, సినిమా అంతా ఆ ముడి మీదే నడుస్తుంది. మా పాలవాడికి కూడా తెలిసిపోయింది.

నేనన్న మాట

మూర్తి గారి గదిలో నిర్మాత మనుషులు ముగ్గురు నిలబడి ఉన్నారు, కుర్చీలున్నా కూర్చోలేదు. బయటికొచ్చింది మాటలు మాత్రమే, బొమ్మ లేదు. దగ్గు లేదు, కుర్చీ కిర్రుమనడం లేదు. అంటే సీట్లో కూర్చుని ఎవరూ ఫోన్‌తో రికార్డు చేయలేదు. మా హెడ్‌సెట్ శబ్దమే అది.

"రూతమ్మా, నువ్వు చెప్పు. ఇది హాల్లోంచి బయటికి పోయే దారేమైనా ఉందా?" అని అడిగారు మూర్తి గారు.

"లేదండీ. ఈ వెలుగు గోడ దాటదు" అన్నాను.

బ్రోచర్ మీద మాట నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. ఆ మాటతో మిగతా దారులన్నీ నేనే మూసేశాను. ఇక లోపల మిగిలింది హెడ్‌సెట్లు చూసుకునే మనిషి ఒక్కడే. లెక్కపెడితే ఒక హెడ్‌సెట్ తక్కువ వచ్చింది. అది యాదగిరి ఇంట్లో ఉంది. బ్యాటరీ పట్టు వదులైతే టంకం పెట్టడానికి తీసుకెళ్లాడు. ఎప్పుడూ అలాగే తీసుకెళ్తాడు, తీసుకెళ్లమని చెప్పేది నేనే. ఆ మాట కూడా అక్కడ చెప్పాను, కానీ అప్పటికే ఎవరూ వినడం లేదు, అతన్ని పిలిపించారు.

"నేను గా పని జెయ్యలే సార్" అన్నాడు యాదగిరి. నా వైపు ఒక్కసారి చూశాడు. నేను కిందికి చూశాను.

వాళ్లు అక్కడికక్కడే యూనియన్‌కి ఫిర్యాదు పెట్టారు. సోమవారం సాయంత్రం మీటింగ్, యాదగిరి కార్డు రద్దు చేస్తారని తేలిపోయింది. బయటివాళ్లకి ఇది చిన్న మాటలా వినబడొచ్చు. మా దగ్గర కార్డు పోతే ఒక స్టూడియో పోవడం కాదు, ఏ స్టూడియో గేటూ తెరవరు. అతనికి వచ్చిన పని ఇదొక్కటే. పైగా ఇక జన్మంతా దొంగ అన్న పేరు.

మధ్యాహ్నం నా గదిలో తలుపు వేసుకుని ఆ పన్నెండు నిమిషాలు మళ్లీ విన్నాను. మాటల అడుగున సన్నగా బుస్సుమంటూ ఒకే తీరుగా గాలి శబ్దం ఉంది. హాల్లో కూర్చుని వింటే ఆ శబ్దం రాదు, అక్కడ వెలుగు నిండుగా ఉంటుంది. వెలుగు చాలనప్పుడే అది వస్తుంది. అంటే దూరంగా ఉన్నవాడెవడో విన్నాడు.

సాయంత్రం ఆరింటికి హాల్లో మా నల్ల దీపాలు వేసి, శుక్రవారం సౌండే మళ్లీ పెట్టి, ఒక హెడ్‌సెట్ బ్యాగులో వేసుకుని రోడ్డు దాటాను. కిటికీకి ఎదురుగా ఉన్న బిల్డింగ్ డాబా మీద కాఫీ షాపు ఉంది. ఇన్‌ఫ్రారెడ్ కంటికి కనబడకపోయినా చాలా ఫోన్ల ముందు కెమెరాలో ఊదారంగుగా కనబడుతుంది. ముందు కెమెరా కాబట్టి కిటికీకి వీపు పెట్టి నిలబడాలి. పక్క టేబుల్ అబ్బాయి నేను సెల్ఫీకి తంటాలు పడుతున్నాననుకుని "ఆంటీ, నేను తియ్యనా?" అన్నాడు. వద్దు నాన్నా అన్నాను. ఫోన్లో నా భుజం వెనక, మా కిటికీ అంతా లేత ఊదాగా వెలుగుతోంది. పరదా ఉన్నట్టే లేదు. ఆ వెల్వెట్ మామూలు వెలుగునే ఆపుతుంది, మా వెలుగుకి అది జల్లెడ. హెడ్‌సెట్ పెట్టుకుంటే హీరో తల్లి మాటలు, వాటి అడుగున అదే బుస్సు. ఇలాంటి హెడ్‌సెట్లు మీటింగులకి కిరాయికి ఇచ్చే దుకాణాలు ఊళ్లో బోలెడు. ఎవడో ఒకటి తెచ్చుకుని, కాఫీ చెప్పి, ఇక్కడే హాయిగా కూర్చుని విన్నాడు.

శనివారం నుంచి సోమవారం దాకా

ఆ క్షణమే మెట్లు దిగి మూర్తి గారి దగ్గరికి వెళ్లాలి. వెళ్లలేదు. ఇంటికి వెళ్లాను.

ఎందుకని మీరు అడగొచ్చు. ఒప్పుకుంటే స్టూడియో పేరు పోతుంది, నిర్మాత కోర్టుకెళ్తాడు, పాతిక మంది ఉద్యోగాలు ఏమవుతాయో అని నాకు నేను చెప్పుకున్నాను. అవన్నీ నిజమే. కానీ అసలు కారణం అవి కావు. నా పేరు పోతుందని భయపడ్డాను. ఈ వీధుల్లో ఆ పని తెలిసిన మనిషిని నేనొక్కదాన్నేనని అందరూ అంటుంటే వినడానికి అలవాటు పడ్డాను. ఆదివారం వెంగళరావు నగర్‌లో మా చర్చికి వెళ్లి, ప్రార్థన సగంలో లేచి వచ్చేశాను. అన్నం సయించలేదు. అయినా ఫోన్ చేయలేదు.

సోమవారం పొద్దున గేటు దగ్గర యాదగిరి నిలబడి ఉన్నాడు. వాచ్‌మన్ లోపలికి రానివ్వడం లేదు. యాదగిరి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆ హెడ్‌సెట్.

"నా కాడున్నది ఇచ్చి పోదామని వచ్చిన మేడమ్. టంకం పెట్టిన, మంచిగ పనిచేస్తుంది" అన్నాడు.

తనని దొంగ అన్నవాళ్ల వస్తువుని బాగుచేసి తెచ్చాడు. నాకు ఏడుపొచ్చింది, రోడ్డు మీదే ఏడ్చాను. అతని చెయ్యి పట్టుకుని మూర్తి గారి గదికి తీసుకెళ్లి, కిటికీ సంగతి, పరదా సంగతి, నేను కంటితో చూసి సరేనన్న సంగతి అన్నీ చెప్పాను. కాఫీ షాపు డాబా మీదికి తీసుకెళ్లి చూపించాను. మూర్తి గారు నా ఫోన్లోకి చాలాసేపు చూశారు.

"ఇది నీకెప్పుడు తెలిసిందమ్మా?" అని అడిగారు.

"ఈ పొద్దున్నేనండీ" అన్నాను.

యాదగిరి పక్కనే ఉన్నాడు. మా కిటికీ వైపు చూస్తున్నాడు.

మూర్తి గారు స్వయంగా యూనియన్ ఆఫీసుకి వెళ్లి, తప్పు యాదగిరిది కాదు, మాదేనని చెప్పి ఫిర్యాదు వెనక్కి తీయించారు. నిర్మాతకి నష్టం కట్టారు. బ్రోచర్లు కట్టలు కట్టించి లోపల పెట్టించారు. నన్ను ఒక్క మాట అనలేదు. "చెప్పావు కదా, చాలు" అన్నారంతే. ఆయన తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఇంత మంచి బాస్ దొరకడం కూడా ఒక్కోసారి కష్టమే.

ఆ సాయంత్రం నేను, యాదగిరి హాల్లో మెరూన్ పరదా విప్పుతున్నాం. అతను నిచ్చెన మీద ఉన్నాడు, నేను కింద గుడ్డ అందుకుంటున్నాను.

"శనివారం మీరు గా డాబా మీద ఫోన్ పట్టుకొని ఉన్నప్పుడు, నేను గా బిల్డింగ్‌ల కింది మెట్ల మీదికెల్లి మిమ్మల్ని చూసిన మేడమ్" అన్నాడు, కొక్కేలు తీస్తూనే.

నేను గుడ్డ కింద పెట్టి తలెత్తాను.

"నాకూ డౌటొచ్చింది. గీ హెడ్‌సెట్ ఇంట్ల ఉండె గదా, తీసుకొచ్చి పెట్టుకొని చూసిన. మీరు లోపల పెట్టిన సౌండ్ సాఫ్ వినవడ్డది."

"మరి ఎందుకు చెప్పలేదు యాదగిరీ? నీ కార్డు పోయేది!"

"ఎట్ల చెప్పాలె? హెడ్‌సెట్ చెవులకు పెట్టుకొని, బయటికెల్లి వినొచ్చు సార్ అంటె, గిట్లనే దొంగిలించినవారా అనరా? నా మాట ఎవరు వింటరు? మీరు చెప్తెనే అయితది. మీరు చూసిండ్రు గదా, చెప్తరని ఊకున్న. ఆదివారం గూడ ఫోన్ పక్కకే పెట్టుకున్న."

క్షమించమన్నాను. "అయిపాయె తియ్యిండ్రి. గా కొస పట్టుకోండ్రి, బరువున్నది" అన్నాడు. ఆ తర్వాత పదకొండేళ్లు కలిసి పనిచేశాం. ప్రతి ప్రివ్యూకి ముందు రిసీవరు పట్టుకుని ఇద్దరం బయట చుట్టూ తిరిగేవాళ్లం. ఆ రెండు రోజుల మాట అతను మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాకంటే ముందే మోకాళ్ల నొప్పులతో పని మానేశాడు.

ఇది రాశాక పోయిన వారం బోరబండ వెళ్లి యాదగిరికి మొత్తం చదివి వినిపించాను. గుమ్మడికాయ దగ్గర పడీపడీ నవ్వాడు. చివరిదాకా విని ఒక్కటే అడిగాడు.

"మూర్తి సార్ చదివిండా?"

"ఇంకా లేదు."

"ముందుగాల ఆయనకియ్యిండ్రి మేడమ్. గా పొద్దు మీరు అబద్ధం చెప్పింది ఆయనకు గదా."

నిన్న జూబ్లీహిల్స్‌లో ఆయన ఇంటికి వెళ్లి ఈ కాగితాలు చేతికిచ్చాను. ఏంటమ్మా ఇది అంటే, చదవండి సార్ అన్నాను. ఇప్పుడు సాయంత్రం అయిదున్నర. ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను.